పాత కారు: అడిగే ధర, అయ్యే ఖర్చు



పాత అంబాసిడర్ గానీ, ప్రీమియర్ పద్మిని గానీ ఒకటి కొని, బాగు చేయించి, ఆదివారం పూట ఇంటిల్లిపాదీ ఎక్కి తిరగాలన్న కోరిక మన హైదరాబాద్ నగరంలో చాలామందికి ఉంది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఆ కోరిక చేతికందేంత దూరంలోనే ఉన్నట్టు అనిపించడం సహజం. అక్కడి పారిశ్రామికవాడలో లేత్ మిషన్లు, వెల్డింగ్ షాపులు, పెయింటింగ్ షెడ్లు పక్కపక్కనే ఉంటాయి. రిజిస్ట్రేషన్ పనికి ఉప్పల్‌లోనే ఆర్టీఏ ఆఫీసు ఉంది. ఇన్ని దగ్గరగా ఉన్నప్పుడు మిగిలింది కారు ధర ఒక్కటే కదా అనిపిస్తుంది. ఈ ప్రసంగంలో నేను వాదించేది ఆ లెక్క తప్పని. పాత కారు విషయంలో అమ్మేవాడు చెప్పే ధర మన బడ్జెట్‌లో ఒక పద్దు మాత్రమే. అది ముందుగా తేల్చాల్సింది కాదు, అన్నిటికన్నా చివర తేల్చాల్సింది. మొత్తం ఎంత పెట్టగలమో ముందు నిర్ణయించుకుని, అందులోంచి తక్కిన ఖర్చులన్నీ తీసేశాక మిగిలిన సొమ్మే ఆ కారుకు మనం ఇవ్వగలిగిన ధర.

ఇది తలకిందుల పద్ధతిలా కనిపించవచ్చు. మనకు అలవాటైన పద్ధతి వేరు. కొత్త కారు కొనేటప్పుడు షోరూమ్ వాళ్లే పన్ను, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కలిపి ఒక అంకె చెబుతారు. అయిదారేళ్లు వాడిన కారు కొంటే ధర దాని పరిస్థితిని దాదాపుగా చూపిస్తుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ సంవత్సరం మోడల్ అన్నదాన్ని బట్టి మార్కెట్టే ఒక రేటు కట్టేస్తుంది. నలభై, యాభై ఏళ్ల కారుకు అలాంటి రేటు ఉండదు. ఒకే ఏడాది తయారైన రెండు అంబాసిడర్లలో ఒకటి రేపే వరంగల్ దాకా వెళ్లి రాగలదు, రెండోది షెడ్డు దాటడానికే ఏడాది పట్టవచ్చు. వాటి ధరల మధ్య తేడా మాత్రం అంత ఉండదు. ఇక్కడే అసలు చిక్కు ఉంది. పాడైన కారును బాగు చేయడానికి పెట్టిన కూలి, నెలల శ్రమ, వెతికి తెచ్చిన సామాన్ల ఖర్చు తిరిగి అమ్మేటప్పుడు పూర్తిగా రావు. బాగు చేయించి అమ్మేవాడు పెట్టిన దాంట్లో కొంత వదులుకునే అమ్ముతాడు. అంటే మంచి స్థితిలో ఉన్న కారు కొన్నవాడికి, వెనకటి యజమాని పెట్టిన ఖర్చులో కొంత ఉచితంగా దక్కినట్టే. చౌక కారు కొన్నవాడు ఆ ఖర్చంతా తానే నెత్తిన వేసుకుంటాడు.

ఆ ఖర్చు ఎక్కడ పేరుకుంటుంది? చాలామంది ఇంజిన్ అనుకుంటారు. ఇంజిన్ శబ్దం వింటారు, పొగ చూస్తారు, సంతృప్తి పడతారు. నిజానికి ఇంజిన్ లెక్కకు అందే వస్తువు. విప్పి కొలిస్తే బోరు ఎంత అరిగింది, ఓవర్‌సైజ్ పిస్టన్లు పడతాయా, క్రాంక్ గ్రైండింగ్ కావాలా అన్నది తెలిసిపోతుంది. ఎంతవుతుందో మెకానిక్ దాదాపు సరిగ్గానే చెప్పగలడు. లెక్కకు అందనిది బాడీ. అంబాసిడర్ ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చింది. పద్మిని ఇటలీలోని ఫియట్ 1100 నుంచి వచ్చింది. ఈ రెండిటికీ లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింది పెట్టె భాగాలు, స్తంభాలు అన్నీ కలిసే బండి బరువును మోస్తాయి. ఆ రేకు తుప్పు పడితే దెబ్బ తినేది అందం ఒక్కటే కాదు, బండి నడుమే బలహీనపడుతుంది. అలాంటి చోట పుట్టీ పూసి, పైన రంగు కొట్టి అమ్మితే కంటికి ఏమీ తెలియదు. రంగు గీకి చూసేదాకా, లోపల పాత రేకు ఎంత మిగిలిందో ఏ టింకర్ కూడా ఖాయంగా చెప్పలేడు. ఆ పని రోజుల లెక్కన సాగుతుంది, కూలీ రోజుల లెక్కన పెరుగుతుంది. అందుకే, డబ్బు పరిమితంగా ఉన్నవాడు ఇంజిన్ బాగోలేని కారుకన్నా బాడీ బాగోలేని కారుకు ఎక్కువ భయపడాలి. జీపుకూ, స్టాండర్డ్ హెరాల్డ్‌కూ విడి చాసిస్ ఉంది కాబట్టి అక్కడ ఈ సమస్య కొంచెం తేలిక. కానీ హెరాల్డ్ తయారు చేసిన మద్రాసు కంపెనీ ఎప్పుడో మూతపడింది, సామాన్లు దొరకడం కష్టం. ఒకచోట తగ్గిన ఖర్చు ఇంకోచోట తేలుతుంది.

సామాన్ల సంగతికొస్తే, అంబాసిడర్ కొనేవాడు అదృష్టవంతుడు. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా ఉత్తరపాడలో తయారు చేసింది. దేశమంతా టాక్సీలుగా, సర్కారీ బండ్లుగా తిరిగిన కారు కాబట్టి క్లచ్ ప్లేటు, వీల్ సిలిండర్ లాంటివి రాణిగంజ్‌లో ఓపికగా వెతికితే దొరుకుతాయి. పద్మిని తయారీ కూడా 2000 ప్రాంతం దాకా సాగింది. అయితే ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. నడవడానికి కావాల్సిన సామాన్లు వేరు, ఆ మోడల్‌కే ప్రత్యేకమైన అలంకారం వేరు. మార్క్ 1, మార్క్ 2 అంబాసిడర్ల ముందు గ్రిల్లు, నికెల్ పట్టీలు, మీటర్ బోర్డు, అసలు స్టీరింగ్ చక్రం, ఇవి ఒకసారి పోతే దుకాణంలో దొరికేవి కావు. అందువల్ల అమ్మకానికి వచ్చిన కారులో ఏవేవి లేవో ఒక కాగితం మీద రాసుకోవాలి. నడవని కారుకన్నా అసంపూర్ణమైన కారే ఎక్కువ ఖరీదు.

ఇంకా బయటికి కనిపించని పనులు కొన్ని ఉన్నాయి. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం ఆగిపోయింది. సీసం ఉన్న రోజుల్లో తయారైన పాత ఇంజిన్లలో ఆ సీసమే వాల్వులు కూర్చునే చోట్లకు రక్షణగా ఉండేది. అది లేకపోయాక ఆ చోట్లు క్రమంగా అరుగుతాయి. హెడ్ విప్పినప్పుడు గట్టి లోహపు వాల్వ్ సీట్లు వేయించుకోవడం మంచిది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలనూ, కార్బొరేటర్‌లోని, పెట్రోల్ పంపులోని రబ్బరు ముక్కలనూ గట్టిపరుస్తుంది, లేదా ఉబ్బిస్తుంది. నీటి తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో టాంకు లోపలి తుప్పు ఎక్కువవుతుంది. బ్రేకుల మాట ఇంకా ముఖ్యం. పాత అంబాసిడర్లలో, పద్మినిల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పాత మోడళ్లలో ఆయిల్ గొట్టాల దారి ఒక్కటే. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. కనుక రంగుకన్నా, సీటు రెక్సిన్‌కన్నా ముందు బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, వైరింగ్ పద్దులు రాసుకోవాలి. సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు కూడలిలో బస్సుల మధ్య నడపబోయే బండి అది. ఈ నాలుగింటి విషయంలో వాయిదాకు చోటు లేదు.

కాగితాల ఖర్చు చిన్నదే, కానీ దాన్ని మర్చిపోతే మొత్తం సొమ్ము ఇరుక్కుపోతుంది. కారు రిజిస్ట్రేషన్ మొదటి 15 ఏళ్లకే చెల్లుతుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ రెన్యూవల్ ఫీజు కారుకు 600 రూపాయల నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకు 10,000 రూపాయలైంది. దీనికి గ్రీన్ ట్యాక్స్ అదనం. ఆలస్యమైన ఏళ్లకు అపరాధ రుసుము ఉండవచ్చు. అమ్మేవాడి దగ్గర పాత ఆర్సీ పుస్తకం ఉందా, అందులోని పేరు అతనిదేనా, చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర తీస్తే పుస్తకంలోని నంబరుతో సరిపోతోందా, ఆ రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందా అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా అడ్వాన్స్ ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. పుస్తకంలోని యజమాని చనిపోయి ఉంటే వారసుల సంతకాలు, ధ్రువపత్రాలు కావాలి. గుంటూరులోనో రాజమండ్రిలోనో రిజిస్టరైన బండి ఒకప్పుడు మన రాష్ట్రానిదే, 2014 జూన్ 2 తర్వాత పొరుగు రాష్ట్రానిది. ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ కట్టాల్సిన పన్ను ఎంతో ముందే ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు ఉండటం వల్ల అక్కడి పాత కార్లు చౌకగా బయటి రాష్ట్రాలకు వచ్చాయి. ఆ చౌకకు రవాణా, పన్ను, తిరగాల్సిన రోజులు కలిపితే ఎంత మిగులుతుందో లెక్క వేసి చూడాలి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి కూడా ఒక మాట. 2021 జులైలో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఇంజిన్, చాసిస్, బాడీ పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000 రూపాయలు ఫీజు. పదేళ్లు చెల్లుతుంది. థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో సగం రాయితీ కూడా ఉంది. కానీ ఆ బండి రోజువారీ తిరగడానికి కాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్ పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. పిల్లల్ని బడికి దించాలనుకునేవారికి ఈ దారి పనికిరాదు. పనికొచ్చే వారికి ఇది మరో రకంగా ఖర్చును నిర్ణయిస్తుంది. సులువుగా ఉంటుందని కొత్త రకం ఇంజిన్ ఎక్కిస్తే ఆ అర్హతకే ఎసరు పెట్టినట్టవుతుంది. ఇంజిన్ సైజు మామూలు బీమా మీద కూడా ప్రభావం చూపుతుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 1,000 సీసీ దాటి 1,500 సీసీ లోపు ఉన్న కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, అది దాటితే 7,897 రూపాయలు, పైన జీఎస్టీ. పాత 1,489 సీసీ ఇంజిన్ ఉన్న అంబాసిడర్ మొదటి వర్గంలో పడుతుంది, ఆ తర్వాత వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ రెండో వర్గంలో పడుతుంది. రెండూ ఒకే కారులా కనిపిస్తాయి, ఏటా కట్టే సొమ్ము రెట్టింపుకు మించి తేడా.

ఇక కారు నిలిపే చోటు. రామంతాపూర్‌లో, చిలుకానగర్‌లో, నాచారంలో ఇండిపెండెంట్ ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాక చాలా ఇళ్లకు ఒక్క కారుకే చోటు ఉంటుంది. పాత కారు వీధిలో నిలబడితే ఎండకు రబ్బరు బీడింగులు పగులుతాయి, వాన నీళ్లు తలుపుల్లోకి దిగుతాయి, చేయించిన టింకరింగ్ మూడేళ్లలో మళ్లీ మొదటికి వస్తుంది. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడి, ఉప్పల్, రామంతాపూర్, నాగోల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి ఇక్కడివారు మరచిపోలేదు. పల్లంలో ఉన్న సెల్లార్‌లో పాత కారు పెట్టాలనుకోవడం, కప్పు లేనిచోట పెట్టాలనుకోవడం, రెండూ ప్రమాదమే. ఎత్తైన చోట షెడ్డు అద్దెకు తీసుకోవాల్సి వస్తే ఆ నెలసరి అద్దె కూడా కారు ఖర్చే.

ఇప్పుడు లెక్క కట్టి చూద్దాం. ఇది ఉదాహరణకు వేసుకున్న లెక్క, మార్కెట్ రేట్లు కావు. మొదటి మూడేళ్లకు కలిపి, అప్పు లేకుండా, ఒక కుటుంబం అయిదు లక్షలు పెట్టగలదనుకుందాం. తెలియని ఖర్చుల కోసం లక్ష పక్కన పెట్టాలి. ఆ లక్ష ముట్టుకోవద్దు, ఎందుకంటే రంగు గీకాక బయటపడే తుప్పు దాన్నే అడుగుతుంది. మూడేళ్ల బీమా, ఆయిల్, బ్యాటరీ, చిన్నచిన్న రిపేర్లకు అరవై వేలు. కాగితాలకు ఇరవై వేలు. మిగిలింది మూడు లక్షల ఇరవై వేలు. ఇది కారు ధర, చేయించాల్సిన పని, రెండూ కలిపి. ఒక అంబాసిడర్‌కు రెండున్నర లక్షలు చెప్పారు, దానికి అరవై వేల పని ఉందని తేలింది. మొత్తం మూడు లక్షల పదివేలు, సరిపోయింది. ఇంకొకటి లక్షకే ఇస్తామన్నారు, దానికి రెండున్నర లక్షల పని ఉంది. మొత్తం మూడున్నర లక్షలు, సరిపోలేదు. పైగా ఆ రెండున్నర లక్షల్లో ఎక్కువ భాగం బాడీ పని కాబట్టి ఆ అంకె మీద నమ్మకం కూడా తక్కువ. ధర ఎక్కువ ఉన్న కారే మన స్తోమతలో ఉంది. ఈ అంచనా ఒక్క మనిషి దగ్గర గుండుగుత్తగా తీసుకోకూడదు. ఇంజిన్ మెకానిక్, టింకర్, ఎలక్ట్రీషియన్ ముగ్గురినీ వేర్వేరుగా చూపించి, వాళ్లకు ఆ పూట కూలి ఇచ్చి, పద్దుల వారీగా రాయించుకోవాలి.

దీనికి అభ్యంతరాలు వస్తాయి. చౌకగా కొనేసి, నెలకు కొంత పెట్టి నిదానంగా బాగు చేయించుకుంటే తప్పేమిటని అడుగుతారు. విడి చాసిస్ ఉన్న జీపుకు ఇది కొంతవరకు నడుస్తుంది. బాడీ విప్పిన అంబాసిడర్‌కు నడవదు. గీకిన రేకుకు ప్రైమర్ పడకపోతే ఒక్క వానాకాలంలోనే కొత్త తుప్పు వస్తుంది. విప్పిన సామాన్లు ఏడాది తర్వాత ఎక్కడ పెట్టామో ఎవరికీ గుర్తుండదు. పని చేసే షెడ్డు వాళ్లకూ కదలని బండి స్థలం దండగ. ఆపకుండా ఒక దశ పూర్తి చేయగలిగినంత సొమ్ము చేతిలో ఉంటేనే ఆ దశ మొదలుపెట్టాలి. ఇళ్లు కట్టడంలో మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, స్లాబుకు డబ్బు కూడకుండా గోడలు లేపరు.

నాచారంలో పనివాళ్లున్నారు కదా, ఖర్చు తగ్గదా అన్నది రెండో అభ్యంతరం. ఇందులో నిజముంది. దొరకని బుష్‌ను లేత్ మీద తిప్పించుకోవడం, విరిగిన బ్రాకెట్‌ను అతికించుకోవడం చాలా ఊళ్లలో లేని సౌకర్యం. కానీ పారిశ్రామికవాడలోని షాపు బతికేది ఒకే సామాను వందలకొద్దీ చేసే ఆర్డర్ల మీద. ఒక్క ముక్క కోసం మిషన్ సర్దితే ఆ సమయానికి కూడా డబ్బు అడుగుతారు, అడగడం న్యాయం. అందుకని ఈ సౌకర్యాన్ని దొరకని సామాను దొరికించే మార్గంగా లెక్కలో రాయాలి. ఖర్చు తగ్గించే మార్గంగా రాయకూడదు.

సినిమా షూటింగులకు అద్దెకిస్తే ఖర్చు తిరిగొస్తుందనే మాట ఈ ప్రాంతంలో తరచుగా వినిపిస్తుంది. సొంత వాడకానికి రిజిస్టరైన కారును కిరాయికి తిప్పడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. ‘వీఏ’ నంబరు బండిని వ్యాపారానికి వాడకూడదని నిబంధనలోనే ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఎప్పుడొస్తుందో తెలియని రాబడిని బడ్జెట్‌లో రాసుకోకూడదు.

పాత కార్ల ధరలు పెరుగుతున్నాయి, ఇది పెట్టుబడి కాదా అన్నది మరో ప్రశ్న. 2022లో ఒక మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. అలాంటివి ప్రపంచంలో రెండే తయారయ్యాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్‌కు విలువ దాని చరిత్ర వల్ల వచ్చింది. మన నాచారానికే వస్తే, 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు ఒక పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి చైతన్య రథంగా రాష్ట్రమంతా తిప్పారు. నడిపింది ఆయన కుమారుడు హరికృష్ణ. 1983 జనవరిలో రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ బండిని ఇక్కడి రామకృష్ణ స్టూడియోలో భద్రపరిచారు. దాని విలువ షెవర్లే కంపెనీ ఇచ్చింది కాదు, పార్టీ పెట్టినప్పటి నుంచి గెలిచేదాకా గడిచిన ఆ తొమ్మిది నెలలు ఇచ్చాయి. అలాంటిదే మరో వ్యాన్ కొని ఎంత మెరిపించినా ఆ విలువ దానికి రాదు. లక్షల్లో తయారైన అంబాసిడర్‌కు అరుదుతనమూ లేదు, చాలావాటికి చెప్పుకోదగిన చరిత్రా లేదు. దాన్ని ఇష్టపడి కొనుక్కోవాలి, పెట్టిన సొమ్ము ఆ ఇష్టానికి పెట్టిందే అనుకోవాలి.

చివరి అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఇన్ని లెక్కలు వేస్తే జీతం మీద బతికేవాళ్లు ఎవరూ పాత కారు కొనలేరు కదా అంటారు. లెక్క సరిపోకపోతే మార్చాల్సింది లెక్కను కాదు, బండిని. 1983 డిసెంబర్‌లో వచ్చిన మారుతి 800 ఉంది. దాని ఇంజిన్ 796 సీసీ, కాబట్టి అవే థర్డ్ పార్టీ రేట్లలో 1,000 సీసీ లోపు కార్లకున్న 2,094 రూపాయల వర్గంలోనే పడుతుంది. తయారీ 2014 దాకా సాగింది కాబట్టి, మోడల్ చూసుకుని కొంటే, నడిచే సామాన్లు దొరుకుతాయి. అది ఇరుకైన స్టిల్ట్ పార్కింగులో కూడా పడుతుంది. 1986కు ముందు వచ్చిన మొదటి ఆకారపు 800 అయితే, అర్హతలన్నీ ఉంటే, 2030లలో వింటేజ్ నంబరుకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అదీ ఎక్కువనుకుంటే చేతక్ స్కూటర్ ఉంది, మైసూరులో తయారైన యెజ్డీ ఉంది. వాటి రెన్యూవల్ ఫీజు 20 ఏళ్లు దాటినా 2,000 రూపాయలే, టింకరింగ్ పని కారులో పదోవంతు కూడా ఉండదు, మెట్ల కింద కూడా నిలుస్తాయి. ఏది చూడటానికి వెళ్లినా ఉదయం పూట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. కారైతే ఒక అయస్కాంతం జేబులో పెట్టుకోండి, తలుపు కింది రేకుకు ఆనించి చూడండి. అది అంటుకోకపోతే అక్కడున్నది రేకు కాదు, పుట్టీ. నేల మీది చాప ఎత్తి చూపమని అడగండి. ఎత్తనివ్వకపోతే ధర ఎంత తగ్గించినా బేరం అక్కడితో ఆపేయండి.